వీణకు కర్ర బిరడలా, గిటార్ కీలా? అమ్మ వీణ గురించి సలహా కావాలి

పానగల్లు వీణ (నల్గొండ), ఏప్రిల్ 27

అందరికీ నమస్కారం. మా అమ్మ వాయించిన బొబ్బిలి వీణ నా దగ్గర ఉంది. 1974లో గొల్లపల్లి నుంచి తెప్పించుకున్న ఏకాండి వీణ అది. కుండ, దండి, తల అన్నీ ఒకే పనస మొద్దులోంచి తొలిచినవి. అమ్మ పోయి మూడేళ్లయింది. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు నేర్చుకుని ఉద్యోగంలో పడి వదిలేసిన నేను, పోయిన ఏడాది మళ్లీ మొదలుపెట్టాను.

ఈ ఎండల్లో శ్రుతి నిలవడం లేదు. రెండున్నర శ్రుతికి పెట్టుకుని వర్ణం ఎత్తుకుంటే అనుపల్లవికే మొదటి తీగ, అదే సారణి, దిగిపోతుంది. తీగలను బిగించే కర్ర బిరడల్లో పంచమ తీగది అయితే నా కళ్ల ముందే కిర్రుమంటూ వెనక్కి తిరుగుతుంది. గట్టిగా లోపలికి నొక్కి తిప్పితే పావుగంట ఆగుతుంది, అంతే.

హైదరాబాదులో ఒక వాద్యాల దుకాణంలో చూపించాను. ఏడు బిరడలూ పీకేసి, రంధ్రాలు పెద్దవి చేసి గిటార్ కీలు బిగిస్తాం, ఒక పూట పని అన్నారు. వీణ ఒళ్లో పెట్టుకుని అలాగే తిరిగి వచ్చేశాను. సారణి బిరడ తల మీద ఒక పక్క లక్క రంగు పూర్తిగా అరిగిపోయి కర్ర కనిపిస్తుంది. అమ్మ బొటనవేలు ఆనిన చోటు అది. నా వేలు కూడా ఇప్పుడు అక్కడే ఆనుతుంది. దాన్ని తీసి పారేయాలంటే మనసు ఒప్పడం లేదు. అలాగని శ్రుతి లేని వీణను ఎన్నాళ్లు వాయించను? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జడ్చర్ల లేత్ (జడ్చర్ల), ఏప్రిల్ 27

అక్కా, నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. లేత్ పని నాది. మా అమ్మాయి వీణ నేర్చుకుంటోంది, దాని వీణకు కీలు నేనే బిగించాను. అందుకే సూటిగా చెబుతున్నాను, కీలు పెట్టించండి.

లెక్క చూడండి. సారణి ఉక్కు తీగ. ఒక మెట్టు తేడా, అంటే పక్క స్వరస్థానానికి మారేంత తేడా, రావడానికి ఆ తీగ అర మిల్లీమీటరు కూడా సాగనక్కరలేదు. మీ బిరడ కాడ తీగ చుట్టుకునే చోట 10 మిల్లీమీటర్ల మందం ఉందనుకోండి, ఆ సాగుదలకు అది తిరగాల్సింది ఐదు డిగ్రీల లోపే. గడియారంలో పెద్దముల్లు ఒక్క నిమిషంలో ఆరు డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక పూర్తి మెట్టు తేడా ఆ నిమిషం గీత కన్నా తక్కువ దూరంలో ఉంది. ఇక శ్రుతి చేసేటప్పుడు మీకు కావాల్సింది మెట్టులో పదో వంతు. దాన్ని చేత్తో, రాపిడి మీద ఆగే కర్రతో పట్టుకోవాలి.

కీలో ఏముంది? మరచుట్టు ఉన్న చిన్న ఇరుసు, దానికి పళ్లు కలిసిన చక్రం. పిడిని 14 సార్లు తిప్పితే తీగ చుట్టుకునే కడ్డీ ఒక్కసారి తిరుగుతుంది. అదే ఒక మెట్టు తేడాకు పిడి దాదాపు మూడో వంతు చుట్టు తిరగాలి. వేలికి ఎంత వెసులుబాటో చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, పిడి తిప్పితే చక్రం తిరుగుతుంది గానీ తీగ ఎంత లాగినా చక్రం పిడిని తిప్పలేదు. జారడం అన్న మాటే ఉండదు.

సారణి తీగ (మహబూబ్‌నగర్), ఏప్రిల్ 28

అమ్మా, తొందరపడకండి. ముప్పై ఏళ్లుగా పిల్లలకు వీణ చెబుతున్నాను. మీ వీణ వయసు యాభై దాటింది. యాభై ఏళ్లు శ్రుతిలో నిలిచిన బిరడలు హఠాత్తుగా పనికిరానివి ఎలా అవుతాయి? ఏదో మారింది. ఏం మారిందో తెలుసుకోకుండా రంధ్రాలు తొలిస్తే, రేపు ఆ కారణం అలాగే ఉండి బిరడలు మాత్రం ఉండవు.

జడ్చర్ల అన్నగారి లెక్క తప్పని అనను. కానీ గిటార్ కీ తిన్నటి రంధ్రం అడుగుతుంది. బిరడ రంధ్రం ఒక వైపు వెడల్పు, రెండో వైపు సన్నం. దాన్ని తిన్నగా చేయాలంటే కర్ర తీసేయాలి, పైన మళ్లీ మరమేకుల కోసం చిల్లులు. ఏకాండి వీణ తలలో పీచు నిలువునా పోతుంది, రంధ్రాలూ ఆ వరుసలోనే ఉంటాయి. రెండు రంధ్రాల మధ్య మిగిలిన కర్ర చీలిందంటే అతికించే మనిషి దొరకడు. కొత్త తల అతికిస్తే అది ఏకాండి వీణ అనిపించుకోదు.

బరువు సంగతి కూడా ఉంది. మా శిష్యురాలి వీణకు కీలు పెట్టించాక తల వైపు ఒరుగుతోందని ఎడమ తొడ కింద చిన్న దిండు పెట్టుకుంటోంది.

కచేరీ ప్రయాణం (మిర్యాలగూడ), ఏప్రిల్ 28

నాది కీల వీణే. ఆరేళ్లుగా దానిమీదే కచేరీలు చేస్తున్నాను. పెళ్లి మండపాల్లో ఒక పక్క కూలర్, ఇంకో పక్క దీపాల వేడి, మధ్యలో నేను. రెండు కీర్తనల మధ్య అర నిమిషంలో శ్రుతి సరిచేసుకోవాలి. కర్ర బిరడలతో ఆ అర నిమిషం నాకు చాలేది కాదు.

బరువు అనుమానంతో ఒకసారి తూచి చూశాను. ఏడు కీలూ కలిపి 290 గ్రాములు. అదే కొలతలో కర్ర బిరడలు 150 గ్రాముల లోపు. తేడా చేతికి తెలుస్తుంది, అబద్ధం చెప్పను. నాదం మారిందా అని చాలామంది అడుగుతారు. నా చెవికి పెద్ద తేడా తెలియలేదు.

అయితే ఒక మాట. నా వీణ కీలతోనే తయారైంది. తల లోపల దానికి తగ్గట్టు కర్ర మందంగా వదిలారు. పాత వీణను తొలిచి పెట్టించమని మాత్రం నేను చెప్పను.

దేవరకొండ ఉలి (దేవరకొండ), ఏప్రిల్ 29

అమ్మా, మేము మూడు తరాలుగా వడ్రంగులం. తలుపులు, మంచాలు చేస్తాం. తంబూరాల బిరడలు, తబలా గట్టాలు కూడా చేసిచ్చిన చేతులు మావి. చూడకుండా చెప్పడం కష్టం. మీరు ఇంట్లో కూర్చుని చేయగలిగిన పనులు రెండు చెబుతాను.

మొదటిది. బిరడ తల మీద నుంచి పక్కనున్న కర్ర మీదకు కలిసేలా పెన్సిల్‌తో సన్నని గీత గీయండి. వాయించే నాలుగు తీగల బిరడలకూ గీయండి. శ్రుతి చేసి గంట వాయించండి. శ్రుతి దిగాక చూడండి. గీత విడిపోయిందా, బిరడ జారింది. గీత గీతలాగే ఉండి శ్రుతి దిగిందా, తప్పు బిరడది కాదు.

రెండోది. తీగ వదులు చేసి బిరడ బయటికి తీయండి. కాడ మీద నున్నగా మెరిసే పట్టీలు కనిపిస్తాయి. రంధ్రం మొదట్లో ఒకటి, చివర ఒకటి, రెండు పట్టీలు చుట్టూ సమానంగా ఉండాలి. ఒకటే ఉంటే బిరడ ఒక్కచోటే ఆనుతోందని అర్థం. పట్టీ సగం చుట్టే ఉంటే బిరడ గుండ్రతనం పోయింది.

గుండ్రతనం ఎందుకు పోతుందంటే, కర్ర అన్ని వైపులా ఒకేలా ఎండదు. పొడవునా దాదాపు ఏమీ తగ్గదు. అడ్డంగా తగ్గుతుంది. అందులోనూ చెట్టు వయసు వలయాల వెంబడి తగ్గేది, నడిబొడ్డు వైపు తగ్గే దానికి సుమారు రెండింతలు. కాబట్టి గుండ్రంగా చెక్కిన కాడ ఏళ్లు గడిచేకొద్దీ కోడిగుడ్డు వాటం తిరుగుతుంది. రంధ్రం కూడా అంతే, కానీ దాని కర్ర వేరు, దాని పీచు దిశ వేరు. రెండు కోడిగుడ్లు ఒకదానిలో ఒకటి ఎలా కూర్చుంటాయి? ఒక దిక్కున బిగుస్తుంది, కొంచెం తిప్పితే వదులవుతుంది. మన నల్గొండ ఎండకు ఇది ఇంకా ఎక్కువ. వైశాఖంలో కర్ర ఎండి బిరడ జారుతుంది, శ్రావణంలో తేమ తాగి బిగుసుకుంటుంది.

గీతలు గీసి చెప్పండి. ఇంకొకటి, ఈ మధ్య బిరడలకు ఏమైనా రాశారా?

పానగల్లు వీణ, మే 1

ఉలి అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. మూడు రోజులు వరుసగా చూశాను.

పంచమం గీత స్పష్టంగా విడిపోయింది, బియ్యపుగింజ మందం. మంద్రం, అనుమంద్రం కదల్లేదు, వాటి శ్రుతి కూడా పెద్దగా దిగలేదు. ఆశ్చర్యం సారణిది. గీత వెంట్రుకంత కూడా కదల్లేదు, శ్రుతి మాత్రం దిగింది. ఇన్నాళ్లూ దాన్నే తిట్టుకున్నాను.

బిరడలు తీసి చూశాను. సారణి కాడ మీద రెండు పట్టీలు చక్కగా ఉన్నాయి. పంచమం కాడ మీద ఒకటే పట్టీ, అదీ ముప్పాతిక చుట్టే. కాడంతా జిడ్డుగా, నల్లగా ఉంది.

రాశారా అని అడిగారు. రాశాను. పోయిన ఆగస్టులో పంచమం బిరడ బిగుసుకుపోయి కదలకపోతే, కొంచెం కొబ్బరినూనె వేసి తిప్పాను. అప్పుడు సులువుగా తిరిగిందని సంతోషించాను కూడా. ఇప్పుడు ఇది రాస్తుంటే అమ్మ ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటున్నట్టు ఉంది.

దేవరకొండ ఉలి, మే 1

దొరికింది అమ్మా. మనసు కష్టపెట్టుకోకండి, చాలామంది చేసే పనే ఇది.

బిరడ నిలబడేది రాపిడి మీదనే. నూనె ఆ రాపిడిని తీసేస్తుంది. పైగా కర్ర నూనె తాగితే తుడిచినా మళ్లీ మళ్లీ ఊరుతుంది. మీరు చేయాల్సింది, మెత్తని గుడ్డకు స్పిరిట్ అద్ది కాడను నాలుగైదుసార్లు తుడవండి. గుడ్డను వత్తిలా చుట్టి రంధ్రం లోపల కూడా తిప్పండి. నీడలో రెండు రోజులు ఆరనివ్వండి, ఎండలో పెట్టవద్దు. ఆ తరువాత సుద్దముక్కతో కాడ మీద ఆనే చోట మాత్రం గీయండి. సుద్ద మిగిలిన జిడ్డు పీలుస్తుంది, పట్టు ఇస్తుంది. ఎప్పుడైనా బిగుసుకుపోతే ఎండు బట్టల సబ్బు ఒక్కసారి రుద్దండి, చాలు. సుద్ద పట్టుకు, సబ్బు జారుడుకు. ఈ రెండూ ఉన్న ఇంట్లో నూనెతో పని లేదు.

ఒక్క పట్టీయే ఉందన్నారు కాబట్టి పంచమానికి కొత్త బిరడ కావాల్సి రావచ్చు. ముందు ఇది చేసి చూడండి.

మస్కట్‌లో పాలమూరు (మస్కట్), మే 3

మాది నారాయణపేట పక్క ఊరు, పనిమీద పన్నెండేళ్లుగా మస్కట్‌లో ఉన్నాను. ఇక్కడికి వచ్చాక ఊద్ నేర్చుకున్నాను. ఈ చర్చ చదువుతుంటే నాకు ఒకటి చెప్పాలనిపించింది.

ఊద్‌కు మామూలుగా 11 తీగలు, అయిదు జతలూ ఒక ఒంటి తీగ. తల వెనక్కి విరిచినట్టు వంగి ఉంటుంది, అన్నీ కర్ర బిరడలే. యూరప్‌లో దీని వంశానిదే ల్యూట్. పెద్ద ల్యూట్లకు 24 తీగలు ఉండేవి. ఎనభై ఏళ్లు బతికిన ల్యూట్ వాద్యకారుడు అరవై ఏళ్లు శ్రుతి చేస్తూనే గడిపి ఉంటాడని పద్దెనిమిదో శతాబ్దంలో జర్మనీలో యొహాన్ మాథెసన్ అనే సంగీతజ్ఞుడు రాశాడు. అయినా నేటికీ ఊద్ వాళ్లు, ల్యూట్ వాళ్లు ఎక్కువమంది కర్ర బిరడలే వాడతారు. కీల యంత్రం తెలియక కాదు. బెర్లిన్‌లో ఆంటన్ బాఖ్‌మన్ 1778లోనే పెద్ద వయొలిన్ జాతి వాద్యాలకు పళ్లచక్రాల కీలు పెట్టాడని చెబుతారు, పంతొమ్మిదో శతాబ్దంలో అవి గిటార్‌కు స్థిరపడ్డాయి.

మరి ఊద్‌కు ఎందుకు సరిపోతోంది? తీగ వల్ల. ఊద్‌కు, ల్యూట్‌కు ఇప్పుడు ఎక్కువగా నైలాన్ తీగలు. నైలాన్ ఉక్కు కన్నా ఎన్నో రెట్లు సాగుతుంది. ఒక మెట్టు తేడాకు బిరడను చాలా దూరం తిప్పాలి, కాబట్టి చేతి పొరపాటు పెద్దగా తెలియదు. లేత్ అన్న చెప్పిన ఐదు డిగ్రీల ఇబ్బంది ఉక్కు తీగది, బిరడది కాదు. వయొలిన్‌లో చూడండి, నాలుగు తీగల్లో ఉక్కుతో చేసిన సన్న తీగకు మాత్రం తోక దగ్గర చిన్న మర పెడతారు. మిగతావి బిరడతోనే శ్రుతి చేస్తారు.

మరి వీణలో ఉక్కు తీగకు అలాంటి ఏర్పాటు ఏదైనా ఉందా? వీణ వాళ్లు చెప్పాలి.

సారణి తీగ, మే 3

బాబూ, ఉంది! ఇంత చర్చ జరిగాక ఈ మాట మీ నోట రావాల్సి వచ్చింది. వీణ చెప్పే నేను ముందే చెప్పి ఉండాల్సింది.

లంగర్లు. తీగ నేరుగా కుండ చివర కట్టరు. గుర్రం, అంటే కుండ మీద తీగలు ఆనే వంతెన, దాటాక ప్రతి తీగా ఒక లావుపాటి లంగరుకు ముడిపడి ఉంటుంది. ఆ లంగరు మీద జరిపే చిన్న తీగచుట్టు ఉంటుంది. దాన్ని ముందుకో వెనక్కో జరిపితే శ్రుతి వెంట్రుకవాసి మారుతుంది. బిరడతో దరిదాపుకు తెచ్చుకోవాలి, మిగిలినది లంగరుతో తీర్చుకోవాలి. తంబూరాలో పూస చేసే పని కూడా ఇదే. మన్యంకొండ భజనల్లో తంబూరా పట్టిన పెద్దలను చూడండి, పాట మధ్యలో బిరడ జోలికి పోరు, కుడిచేత్తో పూసను కొద్దిగా తోస్తారు, అంతే.

వీణ చేసిన పూర్వులకు ఉక్కు తీగకు బిరడ ఒక్కటే చాలదని తెలుసు. అందుకే సన్నపని చేసే ఏర్పాటు రెండో చివర పెట్టారు. మనమే దాన్ని వాడడం మానేశాం. నా శిష్యుల్లో సగం మంది వీణల లంగర్లు తుప్పుపట్టి కదలవు. నేనూ నిర్లక్ష్యం చేశాను, ఒప్పుకుంటున్నాను.

అమ్మా, మీ లంగర్లు కదులుతున్నాయా?

పానగల్లు వీణ, మే 3

ఇప్పుడే చూశాను. నాలుగింటిలో ఒక్కటే కదులుతోంది. సారణి లంగరు తీగచుట్టు తుప్పుతో అతుక్కుపోయింది. పైగా నేను పోయిన నెల సారణి తీగ మార్చినప్పుడు వేసిన ముడి దగ్గర తీగ కొద్దిగా జారిన గుర్తు ఉంది. నా ముడి సరిగా లేదన్నమాట.

జడ్చర్ల లేత్, మే 4

అక్కా, అయితే సారణి సంగతిలో నా సలహా తప్పు. కీలు బిగించినా ముడి జారేది, శ్రుతి దిగేది. మీరు వేలు పోసి, వీణ తొలిపించుకుని, మళ్లీ ఇక్కడికే వచ్చేవారు. గీత గీసి చూడమని నేను అడగలేదు, అడగాల్సింది.

ఇంకో లెక్క కూడా చేశాను. ఉక్కు తీగ వేడికి సాగుతుంది, కర్ర పీచు పొడవునా అంత సాగదు. గది వేడి 10 డిగ్రీలు పెరిగితే సారణి శ్రుతి ఒక మెట్టులో సుమారు నాలుగో వంతు దిగుతుంది. ఇది బిరడ, కీ, లంగరు దేనికీ సంబంధం లేని దిగుడు. ఏసీ గదిలో శ్రుతి చేసి మే నెల మధ్యాహ్నం వరండాలో వాయిస్తే ఏ యంత్రమూ ఆపలేదు. వాయించే గదిలో వీణను ముందే అరగంట ఉంచి శ్రుతి చేయండి.

అయినా కీల మీద నా అభిప్రాయం మారలేదు. కొత్త వీణకు, పిల్లలకు కీలే మేలు. మా అమ్మాయికి పదేళ్లు. కర్ర బిరడను నొక్కుతూ తిప్పే బలం దాని చేతికి లేదు. శ్రుతి నేను చేసిస్తే తప్ప సాధనకు కూర్చోలేకపోయేది. కీలు పెట్టాక తన శ్రుతి తనే చేసుకుంటోంది. చెవి కూడా అలాగే పదునెక్కింది.

సారణి తీగ, మే 4

అన్నగారూ, ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. బిరడ తిప్పడం చేతి బలం కాదు, చేతి తెలివి. తిప్పుతూ లోపలికి ఎంత నొక్కాలి, తీగ ఎక్కడ బిగుస్తోంది, ఇవి వేళ్లకు అలవాటు కావాలి. మొదటి ఏడాది గురువు శ్రుతి చేసిస్తాడు, రెండో ఏడాది గురువు చూస్తుండగా శిష్యుడు చేస్తాడు. ఆ ఏడాదిలో పిల్ల నేర్చుకునేది శ్రుతి ఒక్కటే కాదు, వీణ ఒంటిని కూడా. శ్రుతి చూపే మీటర్ పెట్టుకుని పిడి తిప్పే పిల్లలు పచ్చదీపం వచ్చిందా అని చూస్తున్నారు, షడ్జమం వినడం లేదు.

జడ్చర్ల లేత్, మే 4

పచ్చదీపం తప్పు కీది కాదు టీచర్ గారూ. కర్ర బిరడకు కూడా అదే మీటర్ పెడుతున్నారు. మా అమ్మాయి తంబూరా శ్రుతి విని చేస్తుంది. ఒకసారి మా ఊరు రండి, వినిపిస్తాను.

నల్లమల గాలి (అచ్చంపేట), మే 6

వీణ గురించి నాకు తెలియదు. కిన్నెర గురించి తెలుసు. మా వైపు డక్కలి కళాకారుల పన్నెండు మెట్ల కిన్నెర ఉంది. 2022లో దర్శనం మొగిలయ్య గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు లోకానికి తెలిసింది గానీ, పండుగ సాయన్న కథను మా తాతలు ఈ కిన్నెర మీదే విన్నారు.

వెదురు దండి, ఎండిన సొరకాయ బుర్రలు, తేనె మైనంతో నిలబెట్టిన మెట్లు. తీగ బిగించేది కర్ర ముక్కే. ఒకాయన కిన్నెరకు గిటార్ కీ పెట్టించుకుందామని పట్నం నుంచి తెప్పించాడు. నేను పక్కనే ఉన్నాను. వెదురుకు మరమేకు దిగగానే టప్పుమని శబ్దం వచ్చింది, జానెడు పొడవున నిలువునా చీలింది. వెదురు పీచంతా ఒకే దిక్కు, మరమేకు దాన్ని విడదీస్తుంది. ఆయన ఏమీ అనలేదు. చీలిక మీద నూలుదారం గట్టిగా చుట్టి, మైనం రాసి, పాత కర్రముక్కే మళ్లీ దూర్చాడు. ఆ సాయంత్రమే వాయించాడు కూడా.

కర్ర బిరడ విరిగితే వాయించేవాడే ఇంకోటి చెక్కుకుంటాడు. కీ పాడైతే పట్నం పోవాలి. ఊళ్లు తిరిగి పాడేవాళ్లకు ఇది పెద్ద విషయం.

మైనం అంటే గుర్తొచ్చింది. తేనె మైనం 62, 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకుముందే మెత్తబడుతుంది. వీణ మెట్లు కూడా మైనం మీదే కదా. ఎండలో తలుపులు మూసిన కారులో వాద్యం వదలకండి. మెట్టు జరిగితే ఏ బిరడా కాపాడలేదు.

వనపర్తి టీచర్ (వనపర్తి), మే 8

నేను ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. నా వయసు 68. తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నాను. వీణ నలభై ఏళ్ల తోడు. నాలుగేళ్ల క్రితం వేళ్ల కణుపులు వాచి బిరడ తిప్పలేని స్థితి వచ్చింది. మీటగలను, తీగ లాగి గమకం పట్టగలను, నొప్పితోనైనా. బిరడ నొక్కి తిప్పడం మాత్రం నా వల్ల కాలేదు. మా వారు ఉన్నంతకాలం ఆయన తిప్పేవారు, నేను విని ఆపమనేదాన్ని. ఆయన పోయాక ఎనిమిది నెలలు వీణకు గుడ్డ కప్పి ఉంచాను.

మా అల్లుడు కీలు పెట్టించాడు. మామూలు గిటార్ కీలు కావు. చూడడానికి కర్ర బిరడలాగే ఉండి కాడ లోపలే చిన్న గేర్లు ఉండే రకం. నాలుగు చుట్లకు ఒక చుట్టు. పాత రంధ్రంలోనే కూర్చున్నాయి, మరమేకులు లేవు, బరువు తేడా తెలియలేదు. ఖరీదు ఎక్కువే. మొదటిరోజు నా అంతట నేను శ్రుతి చేసుకుని గణపతి మీద కీర్తన వాయించాను. ఆ సాయంత్రం నాకు ఎలా ఉందో చెప్పలేను.

సారణి తీగ గారు చెప్పిన చేతి తెలివి నిజం. కానీ చేయి అలసిపోయినవాళ్లకు యంత్రం చేయూత. దాన్ని తక్కువగా చూడకండి.

సారణి తీగ, మే 8

అక్కయ్యా, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. చిన్న చేతికి గురువు ఉంటాడు, అది నేను ఇంకా నమ్ముతున్నాను. పెద్ద చేతికి ఎవరున్నారు అని నేను ఆలోచించలేదు. మా గురువుగారు చివరి మూడేళ్లు వీణ ముట్టలేదు. వేళ్లనొప్పి అనేవారు. మేమంతా మీటలేకపోతున్నారు అనుకున్నాం. అడగలేదు.

ఆ లోపలి గేర్ల రకం గురించి వివరాలు నాకు విడిగా రాయగలరా?

నిర్వాహకులు, మే 9

ధరలు, అమ్మేవారి వివరాలు చర్చలో పెట్టకుండా విడి సందేశాల్లో పంపుకోండి. చర్చ ఇలాగే సాగనివ్వండి, చాలామంది చదువుతున్నారు.

పానగల్లు వీణ, జూన్ 11

ఇంతకాలం రాయలేదు, క్షమించండి. చెప్పడానికి చాలా ఉంది.

స్పిరిట్‌తో తుడిచి, సుద్ద రాసి చూశాను. మంద్రం, అనుమంద్రం ఇంకా బాగా నిలిచాయి. పంచమం రెండు రోజులు నిలిచి మళ్లీ జారింది. అప్పుడు ఉలి అన్నను అడిగి, వీణను దుప్పట్లో చుట్టుకుని దేవరకొండ బస్సు ఎక్కాను.

అన్న ఇంటి ముందు వేపచెట్టు కింద పని. ముందు రంధ్రంలోకి దీపం పెట్టి చూశారు. చీలిక ఏమీ లేదన్నారు, నాకు ఊపిరి వచ్చింది. తరువాత లోపలి నుంచి ఒక పాత పందిరిమంచం కోడు తెచ్చారు. జిట్రేగి కర్ర. బాడిసతో చెక్కి, లేత్ మీద గుండ్రంగా తీసి, ఆకురాయితో వాలు తీశారు. ఒక్కోసారి కాడకు సుద్ద పూసి రంధ్రంలో తిప్పి తీసేవారు. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే గరుకు కాగితం నాలుగుసార్లు. మళ్లీ సుద్ద, మళ్లీ తిప్పడం. నేను లెక్కపెట్టాను, ఇరవై మూడుసార్లు. చివరిసారి తీసినప్పుడు రెండు పట్టీలు చుట్టూ ఒకే మందంతో మెరిశాయి. ఇది చూడమ్మా అని నా చేతిలో పెట్టారు. ఇంకా వెచ్చగా ఉంది.

సారణి లంగరు తుప్పు వదిలించి తీగచుట్టు కొత్తది వేశారు. తీగ ముడి ఎలా వేయాలో చూపించారు, నాతో మూడుసార్లు వేయించారు.

ఇప్పుడు గంటసేపు వాయించినా బిరడల జోలికి పోవడం లేదు. లంగరు ఒక్కటే అప్పుడప్పుడు జరుపుతున్నాను. అమ్మ బిరడ తన చోటే ఉంది.

కచేరీ ప్రయాణం, జూన్ 11

చాలా సంతోషం అక్కా. జిట్రేగి ఎందుకు ఎంచారో అన్న చెబుతారా?

దేవరకొండ ఉలి, జూన్ 12

బిరడకు గట్టి కర్ర కావాలి, రంధ్రం ఉన్న పనస కన్నా గట్టిది. అరిగితే బిరడ అరగాలి గానీ వీణ అరగకూడదు, అందుకే మెత్తని కర్ర పెట్టాలి అని కొందరంటారు. మా నాన్న లెక్క వేరు, మెత్తని బిరడ నలిగి పట్టు వదిలేస్తుంది అనేవారు. తునికి చెట్టు నడిమి కర్ర ఇంకా గట్టిది, నల్లగా నిగనిగలాడుతుంది. బీడీ ఆకు కోసే చెట్టే అది. మా నాన్న కాలంలో దొరికేది. ఇప్పుడు అడవిలో చెట్టు ముట్టడానికి లేదు, ముట్టకూడదు కూడా. పాత మంచాలు, దూలాలు విప్పినప్పుడు దొరికిన జిట్రేగి ముక్కలు దాచి ఉంచుతాను. యాభై ఏళ్లు ఎండిన కర్ర, ఇక కొత్తగా వంకర పోయేది తక్కువ.

పానగల్లు వీణ, జూలై 29

వానలు మొదలయ్యాయి. ఊహించినట్టే నిన్న మంద్రం బిరడ బిగుసుకుంది. ఈసారి నూనె సీసా వైపు చూడలేదు. తీగ వదులు చేసి, బిరడ తీసి, ఎండు సబ్బు ఒక్కసారి రుద్దాను. వెన్నలా తిరిగింది, శ్రుతిలో ఆగింది.

పక్కన ఉన్న మూడు తాళం తీగల బిరడలు కొంచెం వదులుగా ఉన్నాయనిపిస్తోంది. వాటిని కూడా మార్పించనా అన్నా?

దేవరకొండ ఉలి, జూలై 29

ఇప్పుడు వద్దమ్మా. కర్ర తేమ తాగి ఉబ్బి ఉంది. ఈ కొలతకు చేస్తే మాఘానికి జారుతుంది. కార్తీకం దాటనివ్వండి. అప్పటిదాకా సుద్ద చాలు. వచ్చేటప్పుడు పాత బిరడలు కూడా తీసుకురండి, పారేయవద్దు.

పానగల్లు వీణ, జూలై 30

అలాగే అన్నా. పంచమం పాత బిరడ కూడా నా దగ్గరే ఉంది, వీణ పెట్టెలో అమ్మ మీటుగోళ్ల పక్కన. కార్తీక పున్నమి తరువాత వస్తాను.